ఆగమ్మ ఉల్లిమడి

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది. జీతం కాగితాల మీద తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. ముప్ఫై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేసిన ఆ మనిషి నోటి నుంచి "రైట్" కంటే "ఆగు" అన్న మాటే ఎక్కువసార్లు వచ్చింది. ఎవరో చంటిబిడ్డను చంకనేసుకుని పరుగెత్తుకొస్తున్నారా, ఆగు. ఎవరి చెప్పో జారి రోడ్డు మీద పడిందా, ఆగు. వీధి మలుపులో గొడుగు కొస ఒకటి కనిపించిందా, మనిషి కనిపించేదాకా ఆగు. డిపోలో ఎవరు మొదలుపెట్టారో గాని ఆవిడ పేరు ఆగమ్మ అయిపోయింది. ఆవిడా పలికేసింది. ఉద్యోగం దిగిపోయి నాలుగేళ్లయినా ఆ పేరు మాత్రం దిగలేదు.

డిపో వెనక పాడైన బస్సులు పడేసే స్థలం ఒకటి ఉండేది. తుక్కంతా తీయించేశాక రిటైరైనవాళ్లు సంఘం పెట్టుకుని అక్కడ కూరగాయల తోట వేసుకున్నారు. మొదటి ఏడాది పార వేస్తే మట్టి కంటే బోల్టులే ఎక్కువ తగిలాయి. ఇప్పుడు మనిషికొక ముక్క చొప్పున ఇరవై నాలుగు ముక్కలు. అటు పన్నెండు, ఇటు పన్నెండు, మధ్యలో నడవడానికి దారి. అచ్చం బస్సులో సీట్లు వేసినట్టే వేశారు, ఇంకోరకంగా వెయ్యడం వాళ్లకు చేతకాలేదు.

సంఘానికి పెద్ద కంట్రోలర్ గారు. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో, ఎప్పుడు తిరిగి రావాలో డిపోలో చూసుకున్న మనిషి ఆయనే. రిటైరయ్యారు గాని గడియారం ఆయన్ను వదల్లేదు. గేటు పక్కన బోర్డు మీద నీళ్లు పెట్టే టైములు, కలుపు తీసే టైములు, ఆఖరికి పశువుల ఎరువు వాసన ఎన్ని రోజులు భరించాలో కూడా రాసిపెట్టారు. ఆయన వంగమొక్కలు దారం పట్టి నాటినవి. ఒక్కటి పక్కకు వాలినా ఆ పూట ఆయనకు అన్నం సహించదు. చెడ్డమనిషి అనడానికి వీల్లేదు. నిక్కచ్చి మనిషి, అంతే.

తోటలో ఒక్క రూలు మిగతా అన్నిటికీ తాత. ఏడాదికోసారి, పాత పంట తీసేశాక, అద్దెకు తెచ్చిన చిన్న ట్రాక్టరుతో తోటంతా ఒక్క రోజులో దున్నాలి. ఆ ట్రాక్టరు ముక్క మధ్యలో మలుపు తిరగలేదు. ఈ కంచె నుంచి ఆ కంచె దాకా వరస మొత్తం ఒకే ఊపులో పోవాలి. ఆ రోజుకు ఎవరి ముక్క సిద్ధంగా లేదో వాళ్ల సభ్యత్వం రద్దు. ఆ ముక్క లిస్టులో కాచుకుని ఉన్న తర్వాతి మనిషికి పోతుంది. లిస్టులో అప్పటికి పదహారు మంది ఉన్నారు. వాళ్లలో కొందరు సాయంత్రాలు కంచె బయట నిలబడి, లోపలివాళ్ల మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో మహా శ్రద్ధగా అడిగి తెలుసుకుంటుంటారు.

ఆ ఏడు ఆగమ్మ అందరికంటే ముందే ఉల్లి పీకేసింది. మడి ఎండి, గులకరాళ్లు తేలి, బోసిగా పడి ఉంది. దున్నేలోగా పైపైన ఒకసారి తవ్వుదామని ఒక పొద్దున పార ఎత్తింది. ఎత్తిన పార కిందికి దిగకముందే చెవులు చిల్లులు పడే కూతతో ఏదో నెత్తి మీదకు దూసుకొచ్చి, చెంపకు గాలి కొట్టి పైకి లేచింది. తీతువు పిట్ట. పొడుగాటి పసుపు కాళ్లు, నల్లటి మెడ, కళ్ల ముందు ఎర్రటి తోలు. దాని జత నేల మీద రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ దారివైపు పరుగెడుతోంది.

ఆగమ్మ బస్సులో దొంగ ఏడుపులు చాలా చూసింది. టికెట్టు తీసుకోనివాళ్లకు చెకింగు వచ్చిన నిమిషంలోనే వచ్చే కడుపునొప్పులు చూసింది.

"నా దగ్గరా నీ నాటకాలు?" అంది పిట్టతో.

ఆ పిట్ట ఎటు రమ్మంటోందో అటు పోకుండా, ఎక్కడి నుంచి తప్పిస్తోందో అక్కడ వెతికింది. పార అంచుకు జానెడు దూరంలో మూడు గుడ్లు. మట్టిరంగు, మీద నల్లటి మచ్చలు. రాళ్లలో రాళ్లలా కలిసిపోయాయి. పార పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంది. పార పక్కన పెట్టి గట్టు మీద కూలబడింది.

రెండో రోజుకు నాలుగో గుడ్డు వచ్చింది. "ప్రతి ట్రిప్పుకీ ఆలస్యంగా వచ్చేవాడు ఒకడుంటాడు" అనుకుంది ఆగమ్మ. నాలుగు పుల్లలు పాతి, చుట్టూ తాడు కట్టి, 'ఈ సీట్లు రిజర్వు' అని అట్టముక్క మీద రాసి వేలాడదీసింది. తర్వాత పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లి అడిగింది. ఆఖరి గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి నాలుగు వారాలన్నాడాయన. చోటు మారిస్తే తల్లి మళ్లీ కూర్చోదని, ముట్టుకోవద్దని చెప్పాడు.

ఇంటికొచ్చి క్యాలెండరు చూసింది. ట్రాక్టరు వచ్చేది ఆదివారం. గుడ్లు పగిలేది ఆ తర్వాతి బుధవారం. మూడంటే మూడు రోజుల తేడా.

మర్నాడే కంట్రోలర్ గారి ముక్క దగ్గరికి వెళ్లింది.

"సార్, దున్నడం మూడు రోజులు వాయిదా వెయ్యండి."

"ట్రాక్టరు మనింటిదా అమ్మా? ఆదివారం మనకిచ్చాడు, సోమవారం ఇంకొకళ్లకి."

"అయితే నా ముక్క వదిలేసి మిగతావి దున్నించండి. నాది నేను పారతో తవ్వుకుంటా."

"నీకో రూలు, అందరికో రూలా? నిన్ను చూసి వచ్చే ఏడు ఒకడు, బీరకాయలు ఇంకో వారం కాస్తాయి ఆగండంటాడు. ఇంక తోట ఉంటుందా?"

"బీరకాయ లేచి నడిచి వెళ్లదు కదా సార్. వీళ్లు వెళ్లిపోతారు. పుట్టిన రోజే నడుస్తారట."

"తీతువు కూత మంచిది కాదంటారు కూడానూ."

"నా విజిల్ మాత్రం మీ చెవికి ఏనాడైనా మంచిగా వినపడిందా?"

కంట్రోలర్ గారికి నవ్వొచ్చింది. దాన్ని దగ్గులోకి మార్చుకున్నారు. "ఆదివారం పొద్దుటికి ముక్క సిద్ధంగా లేకపోతే పోతుంది. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ననకు."

"పోతే పోనివ్వండి. గుడ్లు మాత్రం పోవు" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసి వచ్చింది.

చెప్పడం తేలికే. కాని ఆ ముక్క ఆవిడకు ఏమిటో ఇంట్లో వాళ్లాయనకు తెలుసు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ముందుగది బల్ల నిండా చీమ తలకాయలంత మరలు. ఆయన కళ్లద్దం తీసేదాకా ఆ గదిలో చీపురు పట్టడానికి వీల్లేదు. భార్య ఉద్యోగం దిగిన కొత్తల్లో ఆయన చూశాడు. నాలుగింటికే లేచి, తల దువ్వుకుని, ఎక్కడికీ వెళ్లేది లేక కిటికీ దగ్గర కూర్చునేది. ఎదురుగా బస్సు ఆగితే ఎక్కేవాళ్లను లెక్కపెట్టేది. ఆరు నెలలు అలా గడిచాయి. తోటలో ముక్క దొరికాకే ఆ మనిషి మళ్లీ మనిషైంది.

"నాలుగు వారాలంటున్నావు, ఆ పిట్ట దగ్గర గడియారం ఉందా?" అన్నాడు.

"లేదు. అందుకే ఆలస్యం అవుతుందేమోనని నా భయం."

"ముక్క పోతే మళ్లీ కిటికీ దగ్గరే కూర్చుంటావే. నేను చూడలేను."

"పార ఎత్తిన చెయ్యి నాదండీ. ఒకసారి చూశాక చూడలేదని ఎలా అంటాను?" అంది.

ఆ మాట వెనక ఏముందో కూడా ఆయనకు తెలుసు. ఆయన మళ్లీ కళ్లద్దం పెట్టుకున్నాడు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. మార్కెట్టు స్టాపులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఆగమ్మ వీపు తలుపువైపు పెట్టి, టికెట్ల కట్ట చూసుకుంటూ, ఎక్కినవాళ్లు ఎక్కారులే అనుకుని "రైట్ రైట్" అనేసింది. ఒక ముసలావిడ కాలు ఒకటి మెట్టు మీద ఉంది, ఇంకొకటి నేల మీద ఉంది. బండి కదిలింది. తుంటి ఎముక విరిగింది. మర్నాడు ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన నిలబడితే ఆ ముసలావిడ తిట్టలేదు, శపించలేదు. "నన్ను చూడలేదా తల్లీ?" అని మాత్రం అడిగింది. ఆగమ్మ జవాబు చెప్పకుండానే తిరిగొచ్చింది. ఆ ముసలావిడ మళ్లీ నడవలేదు.

పదిహేను రోజులు సస్పెండ్ చేశారు. చేసింది ఈ కంట్రోలర్ గారే. అప్పుడాయన ఒక మెమో రాసి ప్రతి బస్సులో అతికించారు. అందరూ దాని మీద సున్నం వేళ్లు తుడుచుకున్నారు, ఫోను నంబర్లు రాసుకున్నారు. ఆగమ్మ ఒక్కతే దాన్ని అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేసింది. ఆ రోజు నుంచే ఆవిడ ఆగమ్మ.

ఆదివారం వచ్చింది. ట్రాక్టరు నడిపేది డ్రైవరన్న. ఆగమ్మతో ఒకే బస్సు మీద పద్దెనిమిదేళ్లు పనిచేసినవాడు. ఆ పద్దెనిమిదేళ్లూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాల్సిన పని పడలేదతనికి. ఆగమ్మ విజిలే అతని వెనక కళ్లు. ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. ఈమధ్య చెవులు మందగించాయి. పెళ్లాం పిలిస్తే అసలే వినపడదు. కావాలనేనని ఆవిడ అంటుంది.

మొదటి వరస మధ్యాహ్నానికి అయిపోయింది. రెండో వరసలో ఆగమ్మ ముక్క ఏడోది, దాని ముందుది డ్రైవరన్నదే. కంట్రోలర్ గారు గడియారం చూసుకుంటూ దారిలో నిలబడ్డారు. మిగతా సభ్యులంతా గట్ల మీద చేరారు. ఏం జరుగుతుందో చూడాలని కొందరు, ఏదో ఒకటి జరిగితే బాగుండునని కొందరు.

ఆగమ్మ తాడు పక్కన నిలబడింది. తీతువుల్లో ఒకటి పైన తిరుగుతూ తోటంతా ఏకం చేస్తోంది. రెండోది ఎగరలేదు. గుడ్ల మీద నిటారుగా నిలబడి, రెక్కలు రెండూ విప్పి, వచ్చే ట్రాక్టరు మీదకు అరుస్తోంది. రెండు చేతుల్లో పట్టేంత ప్రాణం. ఆగమ్మ దాన్నే చూస్తూ, 'నువ్వే ఎగరకపోతే నేనెందుకు జరుగుతానే' అనుకుంది.

మెళ్లో తాడుకు తోట తాళంచెవితో పాటు పాత విజిల్ వేలాడుతుంటుంది. దాన్ని వాడాలని ఆవిడ ముందుగా అనుకోలేదు. ట్రాక్టరు గట్టు దాటబోతుంటే చెయ్యి దానంతటదే వెళ్లింది. ఒక్క విజిల్. పొడుగ్గా.

ట్రాక్టరు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఎంత గట్టిగా ఆగిందంటే ఇంజను కూడా చచ్చిపోయింది. డ్రైవరన్న వంగి బ్రేకు మీదున్న తన కాలిని తానే వింతగా చూసుకున్నాడు.

"ఎందుకాపావయ్యా?" అంటూ కంట్రోలర్ గారు వచ్చారు.

"నేనాపలేదు సార్. కాలు ఆపేసింది."

"తియ్యి బండి."

"కండక్టరు రైట్ చెప్పలేదు సార్."

"ఇది బస్సు కాదయ్యా!"

"ఆ సంగతి నా కాలికి తెలీదు సార్."

గట్ల మీద నవ్వులు లేచాయి. కంట్రోలర్ గారి మొహం కందగడ్డ అయింది. ఆగమ్మ నవ్వలేదు. నిటారుగా నిలబడి, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

"ఎక్కువారి పాదము నేలమీద గాని మెట్టుమీద గాని ఉండగా కండక్టరు బండిని కదలనీయరాదు. అందరును క్షేమముగా ఉన్నారని కళ్లారా చూచిన తరువాతనే రైట్ చెప్పవలెను. ఆలస్యమునకు కండక్టరును బాధ్యుని చేయము. ఇది ఎవరు రాశారు సార్?"

ముప్ఫై నాలుగేళ్ల కిందటి తన మాటలు అలా ఎదురొస్తాయని కంట్రోలర్ గారు అనుకోలేదు.

"అది మనుషుల కోసం రాశాను" అన్నారు చివరికి, కాస్త తగ్గి.

"మనుషుల కోసమని అందులో లేదు సార్. నాకు మొత్తం వచ్చు."

ఆయన ఆ పిట్టవైపు చూశారు. అది ఇంకా రెక్కలు దించలేదు. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత డ్రైవరన్న వైపు తిరిగి, "నాగలి పైకెత్తి పక్కదారిన పోనియ్యి" అన్నారు. మళ్లీ ఆగమ్మతో, "నువ్వు నా రూలు చెప్పావు, విన్నాను. ఇది కూడా నా రూలే. ఈ ముక్క పోయినట్టే" అన్నారు.

"మార్చమని అడగలేదు సార్. బుధవారం దాకా తాళంచెవి నా దగ్గరుంటుంది."

"బుధవారం సాయంత్రం ఆరింటిదాకా."

ఆ తర్వాతి చాళ్లలో పక్కకు తిరగడానికి చోటు కోసం నాగలి ముందే ఎత్తడంతో డ్రైవరన్న ముక్క సగం దున్నకుండా మిగిలిపోయింది. ఆగమ్మ సోమవారం, మంగళవారం ఆ సగాన్ని పారతో తవ్వింది. "వదిలెయ్ చెల్లెమ్మా" అని అతను ఎంత మొత్తుకున్నా వినలేదు. తవ్వుతూనే ఒక కన్ను ఉల్లిమడి మీద పెట్టింది.

బుధవారం పొద్దెక్కాక మొదటి గుడ్డు పగిలింది. మధ్యాహ్నానికి రెండు, మూడు. తడి ఆరేసరికి మచ్చల బొచ్చుతో, తమ ఒంటికి నప్పని పొడుగు కాళ్లతో మూడు పిల్లలు లేచి నిలబడ్డాయి. నాలుగో గుడ్డు మీద చిన్న పగులు మాత్రం ఉంది. అయిదింటికి తల్లి మూడింటినీ వెంటేసుకుని కంచె పక్క కాలువవైపు బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ ఆగి పిలుస్తోంది. మళ్లీ నడుస్తోంది.

గేటు దగ్గర లిస్టులో మొదటి పేరున్న మెకానిక్కు కొత్త పారతో వచ్చి నిలబడ్డాడు. సభ్యులు ఒక్కొక్కరే చేరారు. కంట్రోలర్ గారు ఆరుకు అయిదు నిమిషాల ముందే వచ్చారు.

"మూడు వెళ్లాయి కదా, ఇంక రైట్ చెప్పేయమ్మా" అన్నారెవరో.

"ఇంకొకరున్నారు" అంది ఆగమ్మ.

గుడ్డు పెంకు కదిలింది, ఆగింది. మళ్లీ కదిలింది. ఒక్క గోటితో లాగితే ఊడొచ్చే పెంకు. ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆవిడ రెండు చేతులూ ఒళ్లో బిగించి పెట్టుకుని కూర్చుంది.

"ఆరైంది" అన్నాడు మెకానిక్కు.

"ఇంకొకరున్నారు సార్" అంది ఆగమ్మ, అతనివైపు కాదు, కంట్రోలర్ గారివైపు చూసి. ఆయన గడియారం ఉన్న చేతిని వెనక్కి పెట్టుకున్నారు.

పెంకు రెండుగా విడింది. తడిసిన బొచ్చు ముద్ద ఒకటి బయటపడి బోర్లా పడింది. దూరం నుంచి మగపిట్ట వచ్చి దాని మీద కూర్చుంది. అక్కడున్నవాళ్లలో ఒక్కరూ ఇంటికి పోలేదు. ఎండ కంచె దాటేవేళకు నాలుగోది లేచింది. మూడడుగులు వేసి మట్టిగడ్డకు తట్టుకుంది. లేచింది. మళ్లీ తట్టుకుంది. ఆగమ్మ పెదాలు దాటని గొంతుతో "నిదానం, నిదానం" అంటోంది. అది గట్టెక్కి, దారి దాటి, కాలువ పక్క గడ్డిలో తల్లినీ మిగతా మూడింటినీ చేరుకుంది.

ఆగమ్మ లేచి నిలబడి, వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది. అప్పుడు విజిల్ నోట్లో పెట్టుకుని రెండుసార్లు ఊదింది. తన ముక్కలో నిలబడి ఉన్న డ్రైవరన్న కుడికాలు నేల మీద నుంచి కాస్త పైకి లేచింది.

మెళ్లో తాడు విప్పి, విజిల్ ఉంచుకుని, తాళంచెవి తీసి కంట్రోలర్ గారి చేతిలో పెట్టింది.

"నా ముక్కలో సగం నువ్వు తవ్విందే కదా. అది నువ్వే చేసుకో చెల్లెమ్మా" అన్నాడు డ్రైవరన్న.

"లిస్టులో నా పేరు రాయండి. మెకానిక్కు లోపలికొస్తే పదహారోదాన్ని అవుతా. ముప్ఫై రెండేళ్లు జనాన్ని క్యూలో నిలబెట్టినదాన్ని, నేను మధ్యలో దూరుతానా?" అంది ఆగమ్మ కంట్రోలర్ గారితో.

కంట్రోలర్ గారు తాళంచెవి వైపు చూస్తూ అడిగారు. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. "నాలుగు పిట్టపిల్లల కోసం ఇంత చేశావు. ముక్క పోయింది. నీకేం మిగిలిందమ్మా?"

ఆగమ్మకు ఆసుపత్రి మంచం కళ్లముందు కదిలింది. ఎన్నో ఏళ్లుగా జవాబు చెప్పని ప్రశ్న ఒకటి ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"ఈసారి చూశాను సార్" అంది.

ఆయనకు ఇంకేం చెప్పక్కర్లేదు. ఆ సస్పెన్షను కాగితం మీద సంతకం ఆయనదే. ఆవిడ పార భుజాన వేసుకుని, గేటు తీసుకుని, తల ఎత్తుకుని బయటికి నడిచింది.